పదకొండో గడి

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నన్ను కూర్చోబెట్టి గంటసేపు పలక మీద దిద్దించేవాడు. అక్షరాలు కుదిరాక ఉత్తరం రాయడం నేర్పాడు. అందులో ఆయనదొక పద్ధతి ఉండేది. ఎవరినైనా ఏదైనా అడుగుతూ రాస్తే, అడిగేది చివర రావాలి. అంతకుముందు వాళ్ళ వల్ల, ఇతరుల వల్ల పొందినదంతా మొదట రాయాలి. "తిన్నది చెప్పకుంట ఇంకో ముద్ద అడిగెటోడు బిచ్చగాడు గాదు, దొంగ" అనేవాడు. మా మేనమామను విత్తనాలు అడుగుతూ రాసిన ఉత్తరంలో సగం పేజీ, కిందటేడు ఆయన పంపిన బండి గురించే ఉండేది. మేనమామ అది చదివించుకుని విత్తనాలు పంపేవాడు. లోకమంతా మా మేనమామలాంటిదే అనుకుంటూ పెరిగాను.

పెళ్ళయి అమీర్‌పేటకు వచ్చాక ఆ చదువు బస్తీకి పనికొచ్చింది. మా ఆయన సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి పోయేవాడు. ఇంటి పని అయ్యాక నేను గడపలో కూర్చుంటే, రేషన్ కార్డు కాగితాలని, పింఛను కాగితాలని, సెలవు చీటీలని ఎవరో ఒకరు వచ్చేవారు. ఎవరికి ఏది రాసినా మా నాయన పద్ధతిలోనే రాసేదాన్ని. మా అమ్మవారు నాకు ఈ నాలుగు అక్షరాలు ఇచ్చింది, నలుగురికి పనికి రావాలి అని రోజూ దీపం పెట్టి దండం పెట్టుకునేదాన్ని.

మా గల్లీ చివర ఒక ముసలాయన ఉండేవాడు. బస్తీ అందరికీ తాత. చిరుతల భజన గురువు. రెండు చేతులా చెక్క చిరుతలు పట్టుకుని, కాలికి గజ్జె కట్టి, గుండ్రంగా తిరుగుతూ పాటతో కథ నడిపించే ఆట అది. తాత దగ్గర ఉన్నది ఆ అమ్మవారి కథే. నింద పడి, ఇల్లు విడిచి అడవి పట్టిన తల్లి, చివరకు అదే ఊరి పొలిమేరలో దేవతగా గద్దెనెక్కే దాకా సాగేది. నేర్చుకోవడానికి నలభై రోజులు పట్టేది. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, కోతలయ్యాక ఖాళీ మడిలో ఆ కథ పూర్తిగా ఆడారు. ఆడవాళ్ళ వెనక, కొంగు మొహం మీదికి లాక్కుని చూశాను. గద్దెనెక్కే ఘట్టంలో అందరూ లేచి నిలబడ్డారు. పాట మాత్రం ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ తర్వాత ఖాళీ మడి లేదు. మేడలు లేచాయి. టైపు నేర్పే బోర్డులు అప్పటికే ఉండేవి, కంప్యూటర్ అని రాసిన బోర్డులు ఒకటీ రెండూ మొదలయ్యాయి. మగపిల్లలు వాటికి పోవడం మొదలుపెట్టారు. తాత ఒక కట్టుబడి దగ్గర కాపలా పనికి కుదిరాడు. పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా ఇనుప కుర్చీలో కూర్చోవాలి. ఛాతీలో పిల్లికూతలు అప్పటికే ఉన్నాయి.

"మగపోరగాండ్లు రాకుంటె ఆడపిల్లలకు నేర్పు తాతా" అన్నాను ఒకసారి.

"నేర్పుత బిడ్డా. తల్లి కథ తల్లులకు చెప్తె పాపమా? గని నలభై దినాలు కుర్చి ఇడిసిపెడితె మేస్త్రీ ఇంకోన్ని కూసోవెడ్తడు. నాకెవలు పెడ్తరు తిండి?"

"పోనీ, పాటలు చెప్పు, నేను రాసుకుంటాను."

దానికి ఆయన ఒప్పుకోలేదు. భజనలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మొదలుపెట్టిన కథను గద్దెనెక్కించకుండా ఆపరాదు. రెండోది, గద్దె పాట ఆట వలయంలో తప్ప మరెక్కడా నోట పలకరాదు. "కూసోని చెప్పే పాట గాదు బిడ్డా అది. గజ్జె గట్టి, నిలవడి చెప్పాలె" అన్నాడు. అంటే ఆయన ఒంట్లో ఊపిరి ఉండగా, ఒక్క నలభై రోజులు కుర్చీ విడిచి వస్తే తప్ప ఆ కథ ఎవరికీ దక్కదు. నాకు తెలిసిన లెక్క అదే. ఇంకో దారి లేదు.

దారి చూపింది దర్జీ భాయ్. మా గల్లీ మొదట్లో ఆయన మిషను. తాత ఆడినన్నాళ్ళూ డోలక్ వాయించింది ఆయనే, ఆట బట్టలు కుట్టిందీ ఆయనే. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం ఉర్దూనే. గుడ్డ చుట్టి వచ్చిన పాత పేపరు ముక్క తెచ్చి నా ముందు పెట్టాడు.

"భాభీ, ఇందుల డోలక్ బొమ్మ ఉన్నది. ఏం రాసిన్రో జర చదువు. నా పెండ్లి ఫోటో అయితె గాదు గద?"

జానపద కళల బృందాలకు సర్కారు సహాయం ఇస్తుందని, పంజగుట్టలో ఫలానా ఆఫీసులో ఫారాలు దొరుకుతాయని ఉంది. ఆ రోజే నడిచి పోయి తెచ్చాను. మెట్లెక్కి పోతే కిటికీలో ఒక గుమాస్తా, ఒక చేత్తో ఫారం ఇస్తూ, రెండో చేత్తో చాయ తాగుతున్నాడు.

ఫారం నాలుగు పేజీలు. బృందం పేరు, గురువు పేరు, కళారూపం, అన్నీ రాసుకుంటూ పోయాను. పదకొండో గడి దగ్గర ఆగాను. "ఇంతకుముందు పొందిన సహాయ సహకారాలు (వివరముగా)" అని ఉంది. ఆ మాట చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. సర్కారు కూడా మా నాయనలాగే అడుగుతోంది అనుకున్నాను. ఎవరో పెద్దమనిషి, మర్యాద తెలిసినవాడు, ఈ గడి పెట్టించి ఉంటాడు అనుకున్నాను.

గడి చాలలేదు. వేరే కాగితం జతచేసి రాశాను. దర్జీ భాయ్ పండుగ గిరాకీ ఆపి మరీ ఆట బట్టలు కుట్టిన సంగతి రాశాను. మూలమీది హోటలాయన ఆడినవాళ్ళందరికీ చాయ పోసి ఒక్కనాడూ అడగకపోవడం రాశాను. గజ్జెలు పోతపోసి ఇచ్చిన కంచరాయన, మడి ఇచ్చిన రైతు, అలిసిపోయిన వాళ్ళకు అన్నం వండిన ఆడవాళ్ళు, అందరినీ రాశాను. చివర "అన్నింటికీ మించి ఆ తల్లి దయ" అని రాసి, సాయంత్రం తాతకు చదివి వినిపించాను.

తాత కళ్ళు మూసుకుని విన్నాడు. భాయ్ పేరు రాగానే తల ఊపాడు. అయిపోయాక కళ్ళు తెరిచి, "గా నల్లా నీళ్ళామెను ఇడిసినవు. వాకిట్ల చల్లనీకి బిందెలకు బిందెలు ఇచ్చింది గద. ఆమెను సుత రాయి" అన్నాడు. రాశాను. అప్పుడు వేలుముద్ర వేసి, వేలికంటిన సిరా నెత్తికి తుడుచుకున్నాడు.

కబురు వచ్చేసరికి చలికాలం అయింది. ఆఫీసరు గారు రమ్మన్నారట. మంచి చీర కట్టుకుని, కొంగున కుంకుమ పొట్లం ముడి వేసుకుని పోయాను.

ఆయన మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు. నా కాగితం చేతిలో ఉంది.

"ఏంటమ్మా, ఇదంతా మీరే రాశారా?"

"అవునండి."

"ఏ స్కూల్లో చదివారు?"

"ఇంట్లోనేనండి. మా నాయన చెప్పాడు."

"చాలా బాగా రాశారు. ఈ మధ్య ఇంత శ్రద్ధగా ఎవరూ రాయట్లేదు." జతచేసిన కాగితం తీసి, పక్క టేబులాయనకు వినపడేలా చదివాడు, భాయ్ దగ్గర నుంచి నల్లా నీళ్ళావిడ దాకా. చదివి నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదు, నిజంగానే ముచ్చటపడ్డాడు. "చూడండి, బట్టలు కుట్టేవాళ్ళున్నారు, టీ ఇచ్చేవాళ్ళున్నారు, భోజనం పెట్టేవాళ్ళున్నారు. ఇంతమంది ఉండగా మీకు గవర్నమెంటుతో పనేముందమ్మా? దిక్కూమొక్కూ లేని కళాకారులు ఎంతమంది ఉన్నారో తెలుసా? వాళ్ళకివ్వాలి కదా ముందు."

నేను "అవునండి" అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. అది తల్చుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది. "ఓపికగా చదివినందుకు చాలా సంతోషమండి" అని చేతులు జోడించాను.

మెట్లు దిగుతుంటే గుమాస్తా వెనకాలే వచ్చాడు.

"అమ్మా, జర ఆగుర్రి. గిట్ల రాస్తరా ఎవలన్న? గా పదకొండో గడిల 'లేదు' అని రాయాలె. ఒక్క మాట. మంజూరైన ఫారాలు కట్టలు గట్టింది నేనే. అన్నిట్ల గదే ఉన్నది."

"ఉన్నది కదా అన్నా, లేదని ఎట్లా రాస్తాను?"

"ఉంటె ఉండనియ్యిర్రి. గది ఫారంకెందుకు చెప్తున్నరు? గుళ్ళె చెప్పుకోర్రి."

ఇంటికి వచ్చిన ఉత్తరంలో ఒకటే వాక్యం ఉంది. స్థానికముగా తగినంత సహకారము లభించుచున్నందున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. మా నాయన నేర్పిన పద్ధతే తాత కుర్చీ వదలకుండా చేసింది. ఆ మాట తాతకు చెప్పలేకపోయాను.

"లేదన్నరు తాతా."

"ఎందుకట?"

"మనకు మస్తు మంది ఉన్నరట."

తాత నవ్వాడు. "అబద్ధమైతె చెప్పలే వాళ్ళు."

ఆ ఎండాకాలం తల్లి మీద భారం వేసి మొదలుపెట్టాం. తాత కుర్చీ విడవకుండానే, డ్యూటీ దిగాక చీకటి పడ్డ వేళ వచ్చి గంటన్నర నేర్పేవాడు. పదిమంది ఆడపిల్లలు. నేను హారతి ఇచ్చి, మొదటిరోజు వాళ్ళ కాళ్ళకు గజ్జెలు కట్టాను. తాత పాడితే దగ్గు, దగ్గితే పాట. భాయ్ డోలక్ మీద దగ్గును కూడా దరువులో కలిపేసేవాడు. "తాతా, నువ్వు తాళం తప్పకుంట దగ్గుతున్నవ్, ఏం ఫికర్ లేదు" అంటే పిల్లలు పకపకా నవ్వేవారు.

పందొమ్మిదో రోజుకు కథ అడవి దాకా వచ్చింది. ఊరంతా వెనక్కి తిరిగిపోయాక ఆ తల్లి ఒంటరిగా నిలబడి, కొంగు నడుముకు బిగించి, ఎటు పోను అని నలుదిక్కులూ అడిగే చోటు. మరునాడు మేస్త్రీ మనిషి వచ్చాడు. సాయంత్రాలు సిమెంటు బస్తాలు పోతున్నాయట, చీకటి పడ్డాక కూడా రెండు గంటలు కూర్చోవాలట, లేదంటే పొమ్మన్నాడు.  తాత పిల్లలను వరసగా కూర్చోబెట్టి తన చేతులతో గజ్జెలు విప్పాడు. గజ్జె కట్టడానికో పాట ఉంది, మంగళం అయ్యాక విప్పడానికో పాట ఉంది. మధ్యలో విప్పడానికి పాట లేదు, ఎందుకంటే అలాంటి ఆనవాయితీ లేదు. మాట లేకుండానే విప్పాడు.

పోతూ పోతూ నాతో అన్నాడు. "తల్లిని అడివిలనే ఇడిసిపెట్టినం బిడ్డా. వచ్చే యేడన్న తోలుకరావాలె."

మర్నాడు దీపం పెట్టి దండం పెట్టుకోబోయాను. తల్లి దయ అనే మాట నోటికి వచ్చి ఆగిపోయింది. నిందతో అడవికి పోయినామెను, మేం మళ్ళీ అక్కడే వదిలేసి వచ్చి, దయ చూపమని అడుగుతున్నాం.

వానలు మొదలయ్యాక మళ్ళీ పంజగుట్టకు పోయి ఫారం తెచ్చాను. అదే గుమాస్తా. నన్ను చూసి, పదకొండో గడి మీద గోటితో ఒక గీత గీసి ఇచ్చాడు.

ఆ గడిలో "లేదు" అని రాయడానికి రెండు రోజులు పట్టింది. ముందు మిగతావన్నీ నింపాను. ఆ మాట రాసేముందు పూజ గది తలుపు దగ్గరగా వేశాను. దేవతకు కనపడదని కాదు. నేను చూడలేక.

సాయంత్రం తాత వేలుముద్రకు వచ్చాడు. ఇదివరకటికన్నా వంగిపోయాడు.

"అందరు వచ్చిన్రా ఇందుల?"

"వచ్చిన్రు తాతా."

"సదువు మరి."

నేను చదివాను. కిందటేడు రాసినదంతా నాకు నోటికి వచ్చు. కాగితం ముందు పెట్టుకుని, అందులో లేనిదంతా చదివాను. దర్జీ భాయ్ అన్నాను, హోటలాయన అన్నాను, కంచరాయన అన్నాను. ఎక్కడా తడబడలేదు. తాత కళ్ళు మూసుకుని, భాయ్ పేరు దగ్గర తల ఊపాడు.

"గా నల్లా నీళ్ళామె?"

"ఆమె సుత ఉన్నది."

"బాగ రాసినవ్ బిడ్డా. నీ నాయన పుణ్యాత్ముడు." వేలుముద్ర వేశాడు. సిరా నెత్తికి తుడుచుకున్నాడు. నేను కాగితం మడిచాను.

ఈసారి ఆఫీసరు గారు పిలవలేదు. పిలవనవసరం రాలేదు కాబోలు. కానీ కాగితం తన దారిన తాను నిదానంగా నడిచింది, తాత ఛాతీ దానికోసం ఆగలేదు. కార్తీకంలో ఎర్రగడ్డలో ఛాతీ దవాఖానలో చేర్చారు. చూడ్డానికి పోతే మంచం మీద రెండు వేళ్ళతో దరువు వేస్తూ, "జవాబచ్చిందా?" అని అడిగాడు. "వస్తది తాతా" అన్నాను. "ఆ పాట ఇప్పుడన్నా చెప్పు తాతా" అని నోటిదాకా వచ్చింది. ఆయన మంచం మీద ఉన్నాడు, నిలబడి లేడు. అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడేమో. అబద్ధం చదవడానికి రాని బిడియం అప్పుడు ఎందుకు వచ్చిందో నాకే తెలియదు.

నాలుగు రోజులకు పోయాడు. దినాలు కూడా అయిపోయాక మంజూరు ఉత్తరం వచ్చింది, మా దరఖాస్తు నకలుతో సహా.

దర్జీ భాయ్ మిషను దగ్గరికి పట్టుకుపోయాను. ఇంకెవరికి చెప్పాలి?

"మంజూరైందా! క్యా భాభీ, తాత జర ఓపిక పట్టకపాయె" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, పెడల్ మీద నుంచి కాలు తీశాడు. "చదువు. మొత్తం చదువు. ఏమేం రాసినవో వింట."

మళ్ళీ నాకు కంఠతా వచ్చిన ఆ పాత కాగితమే చదవచ్చు. ఆయన కూడా తెలుగు చదవలేడు. కానీ రెండోసారి నోరు రాలేదు. ఒక్కొక్క గడీ చదువుకుంటూ వచ్చి, "ఇంతకుముందు పొందిన సహాయ సహకారాలు... లేదు" అని చదివాను.

"లేదా?"

"అట్లా రాస్తేనే ఇస్తరట భాయ్."

"ఔ, సర్కార్ గట్లనే ఉంటది." సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. "మరి డోలక్ ఎవలు కొట్టిన్రు భాభీ? జిన్నులా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక, తలెత్తకుండానే అడిగాడు. "తాతకు ఎరుకనా?"

నేను కాగితం మడిచాను. ఆయన మళ్ళీ అడగలేదు. "సరే, పో భాభీ. ఫికర్ చెయ్యకు" అని పెడల్ తొక్కాడు. ఆ తర్వాత కూడా మా ఇంటి బట్టలు కుట్టాడు, పండుగకు సేమ్యా పంపాడు. ఎక్కడా మర్యాద తగ్గలేదు. ఒక్కటే మారింది. అంతకుముందు కుట్టుకూలి ఎంతని అడిగితే "నీ ఇష్టం" అనేవాడు. ఆ తర్వాత ఎంతో చెప్పడం మొదలుపెట్టాడు.

మంజూరు కాగితం వాపసు ఇవ్వడానికి పంజగుట్ట పోయాను. గుమాస్తా తల పట్టుకున్నాడు.

"ఇయ్యకుంటె ఏడుస్తరు, ఇస్తె వద్దంటరు. గురువు లేకుంటె ఏమాయె? ఇంకోనిది వేలుముద్ర తెండ్రి. చూసెటోనికి అన్ని ముద్రలు ఒక్కతీరే ఉంటయ్."

"ఆ కథ తెలిసినాయన పోయిండన్నా."

"కథ ఎవలు అడుగుతున్నరమ్మా?" అన్నాడు. అవహేళనగా అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. తర్వాత ఒక తెల్ల కాగితం ముందు పెట్టాడు. "సరే, కారణం రాసియ్యిర్రి."

గురువు మరణించినందున ప్రదర్శన ఇవ్వలేము అని రాశాను. కింద అలవాటుగా చెయ్యి పోయింది, మీరు చేసిన సహాయానికి కృతజ్ఞతలు అని రాయడానికి. కలం ఎత్తేశాను. నా జీవితంలో కృతజ్ఞత లేకుండా ముగిసిన ఉత్తరం అదొక్కటే. సంతకం చేసి ఇచ్చేశాను.

ఆ ఏడు ఆ డబ్బు ఎవరికి ఇచ్చారో, వాళ్ళేం ఆడారో నాకు తెలియదు. తెలుసుకోలేదు. బస్తీలో కాగితాలు రాయడం మానలేదు. ఎవరైనా ఫారం తెస్తే అలాంటి గడి వచ్చినప్పుడు చేతిలోని కలం వాళ్ళకే ఇస్తాను, అది మీరే రాసుకోండి అంటాను. రాయడం రానివాళ్ళయితే, మీరు చెప్పండి నేను రాస్తాను అంటాను. వాళ్ళు చెప్పిందే రాసి, రాసిందే చదివి వినిపిస్తాను.

తాత చిరుతలు నా పూజ గదిలో ఉన్నాయి. ఆ పదిమంది పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి. ఎప్పుడైనా కలిస్తే కథ గుర్తుందా అని అడుగుతాను. అందరికీ అడవి దాకా వచ్చు, దరువుతో సహా. రోజూ దీపం పెట్టి, ముందు ఆ కాగితంలో రాయని వాళ్ళందరినీ తల్చుకుంటాను, దర్జీ భాయ్ దగ్గర నుంచి నల్లా నీళ్ళావిడ దాకా. తర్వాత తల్లికి దండం పెడతాను. గుడికి పోయినవాళ్ళందరికీ ఆమె గద్దె మీద కనిపిస్తుంది. నాకు మాత్రం కొంగు నడుముకు బిగించి, ఎటు పోను అని అడుగుతూనే కనిపిస్తుంది.